మడత

బుధవారం వచ్చాయి బ్లాకులు,
మామూలుగా కాదు, డబ్బాలో డబ్బా పెట్టి,
పైన ఎర్రసిరాతో "విడిగా కొయ్యాలి" అని రాసి.
పంజగుట్ట ఫ్లైఓవర్ కింద వాన నిలిచిన రోజు.
మోకాళ్ళ దాకా తడిసి వచ్చి
రెండు జతల గ్లవ్స్ తొడుక్కున్నాను.

గంటసేపు ఫార్మిక్ ఆమ్లంలో నానిన మెదడు ముక్కలు,
చింతపిక్కలంత.
చీమ కుడితే మండించే ఆమ్లమే అది.
ఉడికించినా చావనిదాన్ని,
ఫార్మలిన్‌లో ఏళ్ళు పడున్నా చావనిదాన్ని
అదొక్కటే కొంత లొంగదీస్తుందట.
చావడం అన్న మాటే తప్పంటారు డాక్టర్ మెహజబీన్.
"బతికింది కాదు కదమ్మా, ఎలా చస్తుంది?"

ఐదు మైక్రాన్ల పొర
గోరువెచ్చని నీళ్ళ మీద ముడతలు విప్పుకుని
గాజు మీద పరుచుకుంది.
గులాబీ వేశాను, ఊదా వేశాను.
మొదట నాకేం కనబడలేదు.
తర్వాత అన్నీ కన్నాలే,
పెనం మీద అట్టు పొంగినట్టు.

"తొందరపడకు" అన్నారు మేడమ్.
"కొన్ని మనం చేసినవి.
కణం చుట్టూ, రక్తనాళం చుట్టూ తెల్లగా చీలినవి
మన మైనం, మన స్పిరిట్ ఆడిన అబద్ధాలు.
నిజం కన్నం గుండ్రంగా ఉంటుంది.
అల్లికలోనే పుడుతుంది.
పక్క కన్నంతో కలిసి పెద్దదవుతుంది."

కొట్లాట జరిగిన జాడ లేదు.
చీము లేదు,
కాపలా కణం ఒక్కటీ పరిగెత్తుకు రాలేదు.
వచ్చింది పరాయిదైతే కదా!
తన ప్రోటీనే.
ఒకటెక్కడో తప్పుగా మడత పడి
పక్కదాన్ని తాకింది.
అదీ అలాగే మడత పడింది.
నక్షత్రాల్లాంటి కణాలు మాత్రం ఒళ్ళు చేసి
చేతులు చాపుకుని నిలబడ్డాయి,
ఇల్లు కాలిపోయాక చుట్టూ మూగిన వీధిలా.

మర్నాడు యాంటీబాడీ వేస్తే
నువ్వుల పొడి చల్లినట్టు గోధుమరంగు, అంతటా.
చిన్నమెదడులో ఒక్కచోట మాత్రం ముద్దగా,
నడుమ చిక్కటి చుక్క, అంచున ముళ్ళు.
పల్లేరుకాయ.
మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
ఫారమ్ మీద పేరు అప్పుడు చదివాను నేను:
దూడం నర్సింలు, యాభై ఎనిమిది,
చీరల దుకాణం, జనరల్ బజార్.

రిపోర్టుకి బాలమణి వచ్చింది.
"ముప్పై నాలుగేండ్లు గదే పని.
పొద్దుగాల సంది చీరలిప్పుడు, మడతపెట్టుడు.
ఉగాదికి ముంగట ఒకనాడు
కొంగు ఏడున్నదో దొరకలే.
నవ్విండు. మేం గూడ నవ్వినం.
తర్వాత తలుపు చప్పుడైతే ఒళ్ళంత ఎగిరిపడేది.
బోనాల నాటికి మనిషే లేడు."

గొంతు తగ్గించింది.
"ఆఖరి దినాలల్ల ఆయన మడిచిన చీరలు
సేటు పక్కకు పెట్టిచ్చిండు, ముట్టుకుంటె అంటుకుంటదని.
అంటుకుంటదా?"

అంటుకోదన్నాను.
మేడమ్ చేత కాగితం మీద రాయించి ఇచ్చాను.
భయపడాల్సింది ఇక్కడుంది, డబ్బాలో డబ్బాలో.
చీరల్లో లేదు.

నెలైంది. సికింద్రాబాద్‌లో మెట్రో దిగి
ఎందుకో ఆ సందులోకి నడిచాను.
పక్కకు పెట్టిన చీరలున్నాయా అంటే
కుర్రాడు వింతగా చూసి అటక మీంచి ఒకటి దించాడు.
కనకాంబరం రంగు, సన్న జరీ.
కొంగు దగ్గర మడత ఐమూలగా పోయింది,
తర్వాతది దాని వెంటే,
ఆ తర్వాతది దాని వెంటే.
జరీ విరిగిన గీత ఇస్త్రీకీ పోదట.
రెండువేల ఎనిమిది వందలు. నేను కొనలేదు.
ఆ గీత వెంట వేలు ఒకసారి పోనిచ్చాను,
గ్లవ్స్ లేకుండా.

కుర్రాడు చీర అందుకున్నాడు.
గడ్డం కింద ఒక అంచు, చాచిన చేతిలో ఒక అంచు,
దులిపి సగానికి, మళ్ళీ సగానికి,
కొంగు పైకి.
నేను రెప్ప వేసేలోపు అయిపోయింది.

ఎవరు నేర్పారని అడిగాను.
"నేర్పుడేంది మేడమ్,
నర్సింలన్న పక్కన నిలవడ్డ గదా."